విప్పిన రాగి వాషర్

మా ఇంట్లో ఏదీ పారేయరు. చిల్లుపడ్డ బిందె కోడిపిల్లల గూడవుతుంది, చిరిగిన డ్రిప్పు పైపు దడి కట్టే తాడవుతుంది. అలాంటి ఇంట్లో పెరిగిన నన్ను తెచ్చి పార్టికల్ యాక్సిలరేటర్ దగ్గర పెడితే ఏమవుతుందో, అదే అయింది.

మా పరిశోధన కేంద్రం ముదిగుబ్బకు దగ్గరే. అణువుకన్నా చిన్న కణాలను పొడవాటి స్టీలు గొట్టంలో పరుగెత్తించే యంత్రం కడుతున్నాం. గొట్టంలో గాలి మిగిలితే కణాలు దాన్ని గుద్దుకుని చెదిరిపోతాయి. అందుకే ప్రతి అతుకులో రాగి వాషర్ వేసి, అది నలిగి సందు పూడుకునేదాకా బిగిస్తాం. ఒకసారి నలిగింది మళ్లీ సందు పూడ్చదు, విప్పితే కొత్తదే వేయాలి. ఆ పని నాది.

మొదటిసారి కణాలు పంపడానికి వారం ఉందనగా ఒక అతుకు విప్పాల్సి వచ్చింది. వాషర్ తళతళలాడుతోంది. పారేయడానికి మనసొప్పలేదు. దాన్నే తిప్పి వేశాను.

మరునాటికి, పంపులు ఎంత లాగినా గొట్టంలో గాలి తగ్గడం ఆగిపోయింది. మా పెద్ద ఫిట్టరు నల్లమాడ మనిషి, ఒకప్పుడు బోరు మోటార్లు బాగుచేసినవాడు. మేమంతా అన్నా అంటాం. లీకు పట్టే మిషను పక్కన పెట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో అతుకు మీద హీలియం వాయువు చల్లుతున్నాడు. సందుంటే అది లోపలికి దూరుతుంది, మిషను కూస్తుంది. నేను నోరు మెదపలేదు. నెలలో నా ఉద్యోగం ఖాయమయ్యేదీ ఊడేదీ తేలాలి మరి.

మధ్యాహ్నానికి ఆయన మోకాళ్లు పట్టేశాయి. గోడ పట్టుకుని లేవడం చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

"అన్నా, ఆడ వద్దు. చివరి నుంచి మూడో అతుకు. నేనే పాత వాషర్ వేసినా."

ఆయన తిట్టలేదు. వెళ్లి చల్లాడు. మిషను కూసింది. అతుకు విప్పి వాషర్‌ను వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"ఇంత మంచి రాగి పారేసేకి చేతులు యాడొస్తాయి పాపా? నేనూ ఇదే పని చేసినా, వేరే ఊర్లో మిషను దగ్గర. మూడు దినాలు అందరితో వెతికిచ్చినా, చెప్పలేదు. నువ్వు మధ్యాన్నానికే చెప్పినావు."

అంత పెద్ద మనిషి నా ముందు అంత తేలిగ్గా తన తప్పు ఒప్పుకున్నాడు. అలాంటి గుండె ఎంతమందికుంటుంది? కొత్త వాషర్ వేయించి, రోజూ పనులు రాసే లాగుబుక్కులో జరిగింది నా చేతే రాయించాడు.

వారానికి తెర మీద చిన్న వెలుగు చుక్క పడింది. కణాలు చివరిదాకా చేరాయి. నేను ఏడ్చేశాను. చప్పట్ల మధ్య ఆయన వచ్చి కొత్త వాషర్ల పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"ఇంక నువ్వే చూసుకో" అన్నాడు.

తాళంచెవి ఒక రాగి వాషర్‌కు కట్టి ఉంది. నేను తిప్పి వేసిందే.