ఇలియాస్ తిన్నట్టే

ఏ వంటకమైనా అది పుట్టిన ఊరివాళ్లు ఎలా చేస్తారో అలా చేస్తేనే అసలైనదని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఈ నమ్మకానికి బలం ఎక్కువ, పరీక్ష తక్కువ. హలీమ్ గురించి హైదరాబాదువాళ్లూ, సంగటి గురించి కడపవాళ్లూ ఈ మాటే అంటారు. సముద్రాల అవతల ఫిలడెల్ఫియా అనే నగరంవాళ్లు తమ చీజ్‌స్టేక్ అనే మాంసం రొట్టె గురించి కూడా ఇదే అంటారట. దుబాయ్‌కి అవతల, ఫుజైరా ఓడరేవు దగ్గర ఒక చిన్న కెఫెటీరియాలో పనిచేసే పీరా కూడా చాలాకాలం అలాగే అనుకున్నాడు. 2020 వేసవిలో ఆ నమ్మకానికి పరీక్ష వచ్చింది. దాన్ని అతను కోరి తెచ్చుకోలేదు.

పీరాది రాయచోటి దగ్గర ఒక పల్లె. ఊళ్లో అందరూ దుబాయ్ అనే ఆ దేశానికి వచ్చి పరాఠాలు కాలుస్తూనే జుట్టు నెరిసింది. కొన్నేళ్లకు తమ్ముడు ఇలియాస్‌ను కూడా పిలిపించుకుని అదే కెఫెటీరియాలో పెట్టించాడు. పెనం ఒకటే, దాని ముందు నిలబడే మనుషులు ఇద్దరు. తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా పీరాది: పరాఠాలు, కోడిగుడ్లు. అక్కడి నుంచి దుకాణం మూసేదాకా ఇలియాస్‌ది: కబాబులు, శాండ్‌విచ్‌లు. గదిలో ఎదురెదురు మంచాలు. ఇతను లేచేసరికి తమ్ముడు ముసుగుతన్ని నిద్రలో ఉండేవాడు. తమ్ముడు వచ్చేసరికి ఇతను. అన్నదమ్ములిద్దరూ ఒకేచోట ఉన్నారు, ఒకరికొకరు తోడు అని ఊళ్లో అందరూ సంతోషించారు. నిజానికి వాళ్లు కలిసింది మధ్యాహ్నం పూట పెనం అప్పగించుకునే ఆ కాస్త సేపే. శుక్రవారం నమాజు తర్వాత కలిసి బిర్యానీ తినేవాళ్లు కానీ, ఒక మనిషికి ఏది ఇష్టమో బిర్యానీ పూట తెలియదు. ఆ పూట అందరూ ఇష్టంగానే తింటారు.

"ఏమన్నా, పరాఠాలు కాల్చినావా, పెనానికి తారు పూసినావా?" అనేవాడు ఇలియాస్ వస్తూనే.

"నా పరాఠా మసి తగిలితేనేరా నీ అమెరికా రొట్టెకు రుచి. నోరు మూసుకోని గీకు."

వాళ్ల మాటలు దాదాపు అంతే. పీరా ఏప్రాన్ విప్పేవాడు, ఇలియాస్ కట్టుకునేవాడు.

అమెరికా రొట్టె కథ ఇది. ఇంధనం నింపుకోవడానికి వచ్చే ఓడల సిబ్బంది కోసం కెఫెటీరియా ముదీర్, అంటే మేనేజరు, గోడ మీద చీజ్‌స్టేక్ బొమ్మ ఒకటి అంటించాడు. అందులో ఏముండాలో ఎవరికీ తెలియదు. క్యాప్సికమ్, క్యాబేజీ, మయొనైజ్, కెచప్, చేతికందిందల్లా వేసి ఇచ్చారు. ఓడల ఇంధనాన్ని తనిఖీ చేసే పెద్దాయన ఒకడు, అందరూ కెప్టెన్ అని పిలిచే అమెరికావాడు, ఒక ముద్ద కొరికి పక్కన పెట్టేశాడు. అది తన ఊరి రొట్టె. కోప్పడలేదు. లోపలికి వచ్చి, ఇలియాస్ పక్కన నిలబడి నేర్పాడు. పల్చగా కోసిన మాంసాన్ని పెనం మీద రెండు అట్లకాడలతో నరుకుతూ వేయించాలి, ఉల్లిపాయ మగ్గాలి, పైన చీజ్ కరగాలి, పొడుగాటి సమూన్ రొట్టె దాన్నంతా ఎత్తుకోవాలి. ఇంకేమీ వద్దు.

ఆ పూట నుంచి ఇలియాస్ ఆ రొట్టె విషయంలో మొండివాడయ్యాడు. కెచప్ అడిగినవాళ్లకు సీసా చేతికిచ్చి, "నీ పళ్లెంలో పోసుకో భాయ్, నా రొట్టెలో కాదు" అనేవాడు. ముదీర్ కేకలేస్తే, "ఖలాస్ సార్, అసలుది అంటే అసలుదే" అనేవాడు. ఆ రొట్టె కోసమే ఓడల నుంచి మనుషులు వచ్చేవారు.

కరోనా వచ్చిన వేసవిలో ఇలియాస్‌కు జ్వరం తగిలింది. అంబులెన్సులో తీసుకుపోయారు. అదే గదిలో ఉన్నందుకు పీరాను వేరే భవనంలో ఉంచి తలుపు మూశారు. ఆ తలుపు తెరవకముందే ఇలియాస్ పోయాడని ఫోన్ వచ్చింది. శవాన్ని ఊరికి పంపే వీలు లేదు, అక్కడే ఖననం చేశారు. మట్టి వేసిన చేతుల్లో పీరా చేతులు లేవు.

గదికి తిరిగి వచ్చాక ఇలియాస్ భార్య సబీనా ఫోన్ చేసింది. ఏడుపు అయిపోయిన గొంతు.

"బావా, నలభై దినం ఫాతిహా ఈడ నేను చేస్తాండా. ఆయనకు ఇష్టమైనవి అన్నీ వండి పెడతా. అయితే మట్టి ఆడుండాది గదా. ఆడ గూడా ఒక పళ్లెం పెట్టు."

"పెడతా లేమ్మా. ఏం పెట్టమంటావో చెప్పు."

"నన్నడుగుతావేంది బావా? నాకు తెలిసింది లీవులో వచ్చే మనిషి. ఆడుండే మనిషి నీకు తెలియల్ల."

ఆమే మళ్లీ అంది. "ఆ పొడుగు రొట్టె ఉండాదే, కూర పెట్టి చేసేది. దినామూ అదే తింటానని చెప్తాండె. ఆయన చెప్తాంటే ఇంటానే నాకు కడుపు నిండేది. అదే పెట్టు. ఆయన ఎట్ల తింటాండెనో అట్లే పెట్టు బావా."

సరేనన్నాడు. ఫోన్ పెట్టేశాక ఎదురు మంచం వైపు చూస్తూ కూర్చున్నాడు. తమ్ముడు ఆ రొట్టె తినగా తాను ఒక్కసారి కూడా చూడలేదు. చచ్చినవాడికి ఇష్టమైనది పెట్టడం అనే ఒక్క పనే తనకు మిగిలింది, ఆ పని చేయడానికి కావలసిన ఒక్క సంగతీ తనకు తెలియదు. మట్టి వేయలేకపోవడం చట్టం వల్ల. ఇది చట్టం వల్ల కాదు.

కెఫెటీరియా పార్శిళ్లకు మాత్రమే తెరిచి ఉన్న రోజులవి. కెప్టెన్ మాస్కుతో వచ్చి కిటికీ దగ్గర నిలబడినప్పుడు పీరా తనకొచ్చిన హిందీ, ఇంగ్లీషు కలిపి అడిగాడు. అసలు చీజ్‌స్టేక్‌లో ఏముండాలి?

మాంసం, ఉల్లిపాయ, చీజ్, రొట్టె అన్నాడు కెప్టెన్. నీ తమ్ముడు ఒక్కరోజు కూడా తప్పలేదు అన్నాడు. పొగడ్త కాదు, లెక్క ఒప్పజెప్పినట్టు అన్నాడు.

వాడు తినేటప్పుడు కూడా అంతేనా అని అడిగాడు పీరా.

పెద్దాయన ఆలోచించాడు. "వాడు తినగా నేను చూడలేదు. నేను తింటుంటే వాడు చూసేవాడు" అన్నాడు.

తెలిసిన ఇంకొక మనిషి దేవేందర్. రాళ్ల క్వారీలో టిప్పర్ నడిపే కరీంనగర్‌వాడు, ఇలియాస్ వయసువాడే. రోజూ పని దిగి కెఫెటీరియాకు వచ్చి, ఇలియాస్ దుకాణం కట్టేసేదాకా చాయ్ తాగుతూ కౌంటర్ దగ్గరే నిలబడేవాడు. పీరా అడగగానే అతను నవ్వబోయి ఆగాడు.

"చీజా? గా వాసనకే మూతి తిప్పుకునెటోడు పీరన్నా. సబ్బు నమిలినట్టుంటదని ఎన్నిసార్లు అన్నడో."

"మరి దినామూ అదే తింటానని పెండ్లానికి చెప్తాండె గదా?"

"ఇంటికి ఏం జెప్తమే? నా బండ్ల ఏసీ ఉన్నదని నేను జెప్తలేనా? గది సచ్చి రెండు ఎండకాలాలైంది."

"అయితే ఏం తింటాండె వాడు?"

దేవేందర్ చెప్పాడు. సమూన్ రొట్టె, చుట్టే కాగితం కన్నా పొడుగు. అందుకని రెండు కొసలూ కోసి పక్కన పడేస్తారు. ఆఖరి గిరాకీ పోయాక ఇలియాస్ పెనం కడిగేవాడు కాదు. మాంసం కొవ్వు ఇంకా చిటపటలాడుతున్న చోట గుప్పెడు ఉల్లిపాయ చల్లి, అంచులు నల్లబడేదాకా ఆగేవాడు. అప్పుడు రొట్టె కొసతో పెనమంతా తుడిచి, నిలబడే తినేవాడు. కళ్లు మూసుకుని.

"నాకోటి ఇయ్యబోతడు. పెద్దకూర వండిన పెనం, నేను తిన గదా. 'నీ దేవుని పుణ్యాన నాకు ఇంకో కొస' అని నవ్వెటోడు. ఒకపారి అడిగిన, గంత పేరున్న రొట్టె జేస్తవు, కొసలేంది తింటవ్ రా అని. 'మా యమ్మ సట్టి తుడిచిన ముద్దప్పా ఇది' అన్నడు. గంతే."

పీరాకు ఆ ముద్ద తెలుసు. కూర అందరికీ వడ్డించాక తల్లి ఖాళీ చట్టిలో ఇంత అన్నం వేసి, అడుగూ అంచులూ చేత్తో తుడిచి, ముద్ద చేసేది. చట్టికి పట్టిన మసాలా, మాడిన ఉల్లిపాయ, నూనె, ఉప్పు, అన్నీ ఆ ముద్దలోనే ఉండేవి. కూర కన్నా ఆ ముద్దే రుచి అని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అది కడగొట్టువాడికి వెళ్లేది. తల్లి పోయి చాలాకాలమైంది. ఆమెతోనే ఆ ముద్ద రుచి కూడా పోయిందని పీరా అనుకున్నాడు. తన పరాఠాల తర్వాత, తాను గీకమని తిట్టిన ఆ పెనం మీదనే తమ్ముడు దాన్ని రోజూ వెతుక్కుని తింటున్నాడని అతనికి తెలియదు.

ఫాతిహా చదవడానికి పక్క భవనంలో ఫకీర్ సాహెబ్ ఉన్నాడు. నెల్లూరు వైపు నుంచి వచ్చిన ముసలి దర్జీ. పీరా చెప్పింది విని, ఆయన కుట్టుమిషను ఆపాడు.

"ఎట్టా కుదురుద్ది అబ్బయా? ఫాతిహాకు పెట్టేది మొదటి భాగం. ఎవురూ ముట్టకముందు తీసి పెట్టేది. నువ్వు చెప్పేది అందురూ తిన్నాక మిగిలిన తుడుపు. పోయినోడికి తుడుపు పెడతారా ఎవురైనా?"

"వానికి ఇష్టమైంది అదే సాహెబ్."

"సరే, ఆ పిల్ల సంగతి? ఫోన్లో చూస్తది గదా. నా మొగుడు దుబాయ్‌లో రొట్టెముక్కలు ఏరుకోని తిన్నాడా అనుకోదా? ఆ పొడుగు రొట్టెను దర్జాగా చేసి పెట్టబ్బయా. ఆ పిల్ల కడుపు చల్లబడుద్ది. వాడేం తిన్నాడో అల్లాకి ఎరికేలే."

ఈ సలహాను తేలిగ్గా తోసెయ్యలేం. ఎడారిలో బతికే చాలామంది కుటుంబాలు ఇలాంటి దయగల అబద్ధాల మీదే నిలబడి ఉన్నాయి. పీరా కూడా పరాఠాలు కాలుస్తూ కొన్నాళ్లు దాన్నే నమిలాడు. బతికున్నవాడు తాను కడుపునిండా తింటున్నానని చెబితే, ఆ అబద్ధానికి అవతల ఒక మనిషి ఉన్నాడు; ఎప్పుడో ఒక లీవులో నిజం చెప్పి నవ్వించగలడు. చచ్చినవాడి తరఫున అదే అబద్ధాన్ని ఇంకొకడు చెబితే, ఇక దాన్ని విప్పేవాళ్లు లేరు. సబీనాకు మొగుడు సగం మనిషిగానే తెలుసు. ఆ రెండో సగాన్ని తన చేత్తో అబద్ధం చేసి పంపాలా? అలా చేయకపోతే, ఆమెకు మిగిలిన ఒక్క ఓదార్పునూ తీసెయ్యాలా? ఈ రెంటిలో ఏదీ మంచిది కాదని అతనికి తెలుసు.

నలభయ్యో రోజు రానే వచ్చింది. గిరాకీ లేని మధ్యాహ్నపు వేళ పెనం వాడుకోవడానికి ముదీర్ ఒప్పుకున్నాడు. పీరా పెనాన్ని ఇనుము రంగు తేలేదాకా గీకాడు. కెప్టెన్ చెప్పినట్టే, మాంసం, ఉల్లిపాయ, చీజ్, సమూన్‌తో చుట్టుపక్కల గదుల్లో పంచడానికి సరిపడా రొట్టెలు చేశాడు. తన ఏప్రాన్ మీద తమ్ముడిది కూడా కట్టుకుని చేశాడు. ఒక్కటీ ఎవరూ ముట్టకుండా కాగితాల్లో చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత ఉల్లిపాయ చల్లి, అంచులు నల్లబడేదాకా ఆగి, రొట్టె కొసలతో పెనాన్ని తుడిచాడు.

గదిలో సాంబ్రాణి వేశారు. కరోనా రోజులు కనుక ఇద్దరే ఉన్నారు, తలుపు వేసి ఉంది. పళ్లెం చూసి ఫకీర్ సాహెబ్ తల పంకించాడు.

"ఆఖరికి తుడుపే తెచ్చినావా?"

"ఇంకా ఎవరూ తినలేదు సాహెబ్. ఒక్క ముద్ద గూడా ఎవరి నోట్లోకీ పోలేదు. ఈ పూటకు తుడుపే మొదటి భాగం."

ముసలాయన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఫోన్లో సబీనా ముఖం కనబడింది. కొంగు సరిచేసుకుంటూ పళ్లెం వైపు చూసింది.

"రొట్టె ఏది బావా? ఇవేంది?"

కాగితంలో చుట్టిన రొట్టెలు పీరా చేతికి అందే దూరంలోనే ఉన్నాయి. అతను వాటిని తీయలేదు. దేవేందర్ చెప్పినదంతా చెప్పాడు. చీజ్ సంగతి కూడా దాచలేదు.

"అయితే దినామూ కడుపునిండా తింటానన్నెది?" అంది. తర్వాత చాలాసేపు ఆమె ముఖం తెర మీద లేదు, ఇంటి కప్పు కనబడింది. ఏడుపు వినబడింది. ఫకీర్ సాహెబ్, చెప్పలేదా అన్నట్టు పీరాను చూశాడు.

ఆమె మళ్లీ తెర మీదకు వచ్చింది. "లీవులో వస్తే నన్ను కూర చట్టి కడగనియ్యడు బావా. నేను కడుగుతాలే పో అంటాండె. పని సాయం చేస్తాండాడు అనుకుంటి. ఒకసారి గూడా తొంగి చూడకపోతి."

ఆమె కళ్లు తుడుచుకుని, "చదవమను" అంది. ఫకీర్ సాహెబ్ చేతులెత్తాడు.

ఆ రోజు పీరా ఇలియాస్ కోసం పెట్టింది ఇంతే: పెనం తుడిచిన రెండు రొట్టె కొసలు, ఒక గ్లాసు నీళ్లు. చీజ్ పెట్టలేదు. ఫాతిహా అయ్యాక చుట్టిన రొట్టెలను గదుల్లో పంచాడు. కొసల్లో ఒకటి ఫకీర్ సాహెబ్‌కు ఇచ్చాడు. రెండోది తాను నిలబడి తిన్నాడు.