జంట నరాలు

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు. కొండకు ఇంకా బస్సులు లేవు. మా నాయన అలిపిరిలో డోలీ మోసేవాడు. నడవలేని ముసలివాళ్లను తిరుమల ఎక్కించిన మనిషి, నడుంనొప్పి మడమదాకా దిగి, ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచేస్థితికి వచ్చాడు. కట్లూ పసర్లూ అన్నీ అయ్యాక మదరాసు తీసుకుపోయాం. వెన్ను కోస్తారట! అమ్మా నేనూ గది బయట కూర్చున్నాం.

కోత అయ్యాక పెద్దడాక్టరు బయటికి వచ్చాడు. చిత్తూరువాడే.

"వెన్నులో ఒక్కో కంతలోంచి ఒక్కో నరం రావాలమ్మా. మీ ఆయనకు రెండు నరాలు అతుక్కొని ఒకే కంతలోంచి వస్తా ఉండాయి. లావుగా కనిపిస్తే గడ్డేమో అనుకొని కోయబోయినా. కత్తి తగిలీ తగలకనే కాలు ఎగిరింది. ఆపేసినా."

"కోసుంటే?" అన్నాను.

"ఆ పాదం ఇంక లేచేది కాదు. ఎముక కొంచెం చెక్కి, నరాలకు చోటు చేసినా. పుట్టుకతోనే అట్లుండాది, ఎవరి తప్పూ లేదు."

గడ్డ అనుకున్నాడట! అంత చదివినవాడు ఎంత తీరిగ్గా చెబుతున్నాడు! తిట్టాలో కాళ్లమీద పడాలో నాకు తెలియలేదు. అమ్మ మాత్రం దణ్ణం పెట్టింది.

కొన్నాళ్లకు నాయన తన కాళ్లమీదే తిరుపతిలోని ఇంటికొచ్చాడు. అవ్వ కొడుకు నడకను చూసి మురిసిపోయింది. నేను ఊరుకోలేక రెండువేళ్లు అతికించి చూపిస్తూ జరిగిందంతా చెప్పాను. "పుట్టుకతోనే అంట అవ్వా" అనగానే ఆమె వచ్చి నాయన ముందర నేలమీద కూర్చుంది.

"వీడు కడుపులో ఉన్నప్పుడు జంట అరటిపండు తింటిని. కవలలు పుడతారు, తినొద్దని మా అత్త చెప్తానే ఉన్నింది. దాచిపెట్టుకొని తింటిని. ఆ పండే వీని వెన్నులో అతుక్కునింది."

నాయన పకపకా నవ్వాడు. "పోనీలేమ్మా, రెండు నరాలుండబట్టే ఇన్నేండ్లు బరువులు మోసినా."

అవ్వ నవ్వలేదు. రెండుచేతులూ చాచి నాయన పాదం పట్టుకుంది.

"ఆకలికి తాళలేక తింటి నాయనా. ఆ పూట ఇంట్లో ఇంకేమీ లేదు."

నాయన నవ్వు ఆగిపోయింది. పాదం వెనక్కి తీసుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. తల్లి కొడుకు కాలు పట్టుకోవడం మా ఇంట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు.