గని గుమ్మానికి నేను వేసిన పగుళ్లు

ఆ రోజుల్లో శుభ్రంగా ఉన్న గోడను చూస్తే ఓర్వలేకపోయేవాణ్ని. ఫిల్మ్ నగర్‌లో ఒక ఆర్ట్ డైరెక్టర్‌గారి దగ్గర కొత్తగా అసిస్టెంటుగా చేరాను. నిన్న కట్టిన గోడకు వందేళ్ల వయసు తెప్పించడం నా పని. కాస్త టీ డికాక్షన్, బొగ్గుపొడి, నీళ్లరంగు ఉంటే చాలు. రహమత్ నగర్‌లో మా కిరాయి ఇంటి గోడ మీద కూడా సాధన చేసేవాణ్ని (ఓనరు హడలిపోయి మేస్త్రీని పిలిపించాడు. నాకది అవార్డు వచ్చినంత ఆనందం).

అలాంటి నన్ను గురువుగారు ఎప్పుడో మూతపడిన ఒక బొగ్గుగనికి షూటింగ్ పని మీద పంపారు. పూర్వం లోపల కప్పు కూలి కొందరు కార్మికులు చనిపోయారు. వాళ్ల ఇళ్లవాళ్లు ఏటా ఆ గని గుమ్మం దగ్గర దీపాలు పెడతారు. గుమ్మం పాడైతే ఎక్కడ మూసేస్తారోనని వాళ్లే రాతికట్టు బాగుచేయించి, ఇనుపగేటు పెట్టించుకున్నారు. గుమ్మం గట్టిగా, చక్కగా ఉంది. మాకు అదే చిక్కు. "హీరో వెళ్లేది కూలిపోయే గనిలోకి నాయనా, కల్యాణమండపంలోకి కాదు" అన్నారు గురువుగారు. ఇక నేను విజృంభించి, పైనుంచి కిందదాకా పగుళ్లు, నీటిచారలు దించాను. షూటింగ్ అయ్యాక అవి కడగడం ప్రొడక్షన్ వాళ్ల పనని నేను, నా పనని వాళ్లు అనుకుని బండెక్కేశాం.

వారం తిరక్కుండానే, అక్కడ మాకు మజ్జిగ పోసిన పెద్దమ్మ మా ఆఫీసు మెట్ల మీద కనిపించింది. "గని ఆఫీసరొచ్చిండు బిడ్డా. కట్టు పలిగింది, మీద పడతదని ఎల్లుండి గోడ కట్టి మూసేస్తరట. అవి రంగులంటే నవ్విండు. మా ఆయన గా లోపల్నే ఉండిపోయిండు. మూస్తే నేనేడ దీపం పెట్టాలె?" అంది. ఆమె వెంటే బస్సెక్కాను.

మేం వెళ్లేసరికి ఇటుకలు దిగి ఉన్నాయి. ఆఫీసరు మంచివాడే, అదే ఇబ్బంది. నన్ను గుమ్మం దగ్గరికే పోనివ్వలేదు. "నీ మీద పడితే నీ తల్లిదండ్రులకు నేనేం చెప్పాలయ్యా?" అన్నాడు. మేం వాదించుకుంటుండగానే పెద్దమ్మ అక్కడున్న నీళ్ల బకెట్లో చెంగు తడిపి, వెళ్లి తుడిచేసింది. పెద్ద పగులు ఒకటి చెంగుకు అంటుకుని వచ్చేసింది. ఆఫీసరు కళ్లద్దాలు సవరించుకుని దగ్గరికొచ్చాడు. "ఇదొక్కటి మాత్రం నిజమైనదే" అంటూ ఇంకోదాన్ని చూపించాడు. "కాదు సార్, అదీ నాదే" అన్నాను (గొంతులో కాస్త గర్వం ధ్వనించిందేమో). ఆయన నవ్వి ఇటుకలు వెనక్కి పంపించి, తనే ఒక గుడ్డ అందుకున్నాడు.

అంతా కడిగాక పెద్దమ్మ గేటు ఊచలు పట్టుకుని లోపలి చీకట్లోకి వంగింది. "ఏం ఫికర్ జెయ్యకు, మూస్తలేరు. గీ పోరడు బొమ్మలేసి ఆగం జేసిండు, గంతే" అని లోపలున్న వాళ్లాయనకు చెప్పింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో నాకూ ఒక ఆఫీసుంది, చేతికింద అసిస్టెంట్లున్నారు. అయినా ప్యాకప్ అనగానే ఈ నెరిసిన తలవాడు అందరికంటే ముందు తడిగుడ్డ పట్టుకుని గోడల వైపు పరిగెడతాడు. చాదస్తమని యూనిట్ వాళ్లు నవ్వుకుంటారు. తుడుస్తూనే నేనూ నవ్వుకుంటాను.