సంపు అంచున నిలబడ్డవాడు

సంపులు, ట్యాంకులు కడిగే చిన్న కంపెనీ మాది. ఆబిడ్స్‌లో, మొజంజాహీ మార్కెట్‌కు పోయే దారిలో రెండు గదుల ఆఫీసు. పనివాళ్ల భద్రత చూసేది నేను. ఏడాదికోసారి అందరికీ మళ్లీ శిక్షణ ఇవ్వాలి. చాలాచోట్ల సంతకాలు పెట్టించుకుని, చాయ్ తాగించి పంపేస్తారు. నా దగ్గర ఆ పప్పులుడకవు. ఇసుక బస్తాకు బెల్టు, తాడు కట్టి ఖాళీ సంపులోకి దింపిస్తాను. పైన మూడు కాళ్ల స్టాండుకున్న చక్రం తిప్పి ప్రతి ఒక్కరూ దాన్ని బయటికి లాగాల్సిందే.

"గిన్నేండ్ల సంది దిగుతున్నం, మాకు ఎరుక లేదా మేడమ్?" అని మా మేస్త్రీ ఏటా గొణిగేవాడు. మూత తీసి, వంగి, వాసన రాకపోతే గాలి మంచిదేనని దిగిపోయే అలవాటు ఆయనది. ప్రాణం తీసే గాలికి ఒక్కోసారి వాసనే ఉండదని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. నా పోరు పడలేక, విషగాలి ఉంటే కీచుమనే మీటరు పెట్టడం మొదలుపెట్టాడు.

పోయిన ఏడు మాత్రం ఎదురు తిరిగాడు. లోపల మనిషి పడిపోతే వెనకాల ఎవరూ దిగొద్దు, పైనుంచే లాగాలన్నాను.

"తోటోడు పడితే గీడ నిలబడి సూడాల్నా? గదేం మనిషితనం?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ముందు మీరు బతికుండాలి కదా అన్నా!" అని అరిచి, ఆయన చేత బస్తాను మూడుసార్లు లాగించాను.

రెండు నెలలకు నాంపల్లిలో ఒక లాడ్జి సంపు కడగడానికి వెళ్లాం. బెల్టు, తాడు కట్టుకుని దిగింది మేస్త్రీ సొంత తమ్ముడు. దిగేముందు మీటరు బాగానే చూపించింది. అడుగున బురద కదిలించగానే అతని నడుముకున్న మీటరు కీచుమంది. పైకి రమ్మనేలోపే కూలబడ్డాడు. లాడ్జి వాచ్‌మన్ దూకబోయాడు. మేస్త్రీ ఆయన్ని పక్కకు నెట్టి, "ఎవ్వలూ దిగొద్దు!" అంటూ చక్రం అందుకున్నాడు. ఏడుస్తూనే తిప్పాడు. నేను అంబులెన్సుకు ఫోను చేశాను. తమ్ముడు పైకొచ్చాడు. ఊపిరి ఉంది.

సాయంత్రానికి దవాఖానలో కళ్లు తెరిచాడు. వాళ్లమ్మ మేస్త్రీని నిలదీసింది. "తమ్ముడు గాడ పడితే ఎట్ల దిగకుంట నిలబడ్డవ్ రా?"

"దిగితే ఇద్దరం పోతుంటిమమ్మా. మేడమ్ నేర్పింది" అన్నాడు తల వంచుకుని.

ఆమె ఒక చేత్తో మంచం మీదున్నవాణ్ణి, ఇంకో చేత్తో నిలబడ్డవాణ్ణి పట్టుకుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను అంత గర్వపడిన రోజు మరొకటి లేదు.