అక్క మోకాటి పక్కు

అయోడిన్ మందు వాసన వస్తే చాలు, ఇప్పుడు నాకు అన్నం సయించదు. ధర్మవరంలో మా అక్క కుడికాలి పుండుకు రోజూ కట్టు మార్చేది నేనే. మూడు నెలలైంది, మానడం లేదు.

ఈ కాలేనా అప్పట్లో పెనుకొండ గుట్ట మీద మేకపిల్లలా ఎగిరింది! వానలు వెలిసి సీతాఫలాలు కన్ను విచ్చే రోజుల్లో అవ్వ దగ్గరికి పోయేవాళ్లం; తడిబండల మీద జారి, మోకాళ్లు చెక్కుకుపోయి, ఒడినిండా కాయలతో, కంటినిండా నీళ్లతో దిగివస్తే, అవ్వ గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండి, ఏడుపు మాన్పడానికి నెయ్యి రాసిన తియ్యటి ఓళిగ చేతిలో పెట్టేది. మర్నాటికి మోకాలు ఎర్రగా ఉబ్బి, పొయ్యి మీది పెనంలా కాలేది. నేను రాగం తీస్తే, "నొయ్యనీలే మే, లోపల పని జరగతాండాది," అనేది. నాలుగు రోజులకు వాపు తీసి, పక్కు కట్టి, దురద పుట్టేది. ఎవరి పక్కు ముందు రాలుతుందా అని మాకు పందెం. నేను గోకి గోకి మళ్లీ నెత్తురు తెచ్చుకునేదాన్ని. ఎప్పుడూ అక్కే గెలిచేది. కింద వచ్చిన లేత చర్మం చూపించి నన్ను ఉడికించేది, దొంగది!

ఆ అక్కకు ఇప్పుడు షుగరు. పాదాలకు స్పర్శ పోయింది. ఇంట్లో కూడా వేసుకొమ్మని డాక్టరు మెత్తటి చెప్పులు ఇప్పించాడు. కానీ మాది మగ్గం నేసే ఇల్లు. మగ్గమంటే లక్ష్మి, కాళ్లు దించి కూర్చునే దాని గుంతలోకి చెప్పులతో ఎవరూ దిగరు. అక్క వాటిని గడప అవతలే విడిచి, పొద్దంతా ఒట్టికాళ్లతో తొక్కుడుచెక్క తొక్కింది. బొటనవేలు ఒరుసుకుపోయినా ఆమెకు తెలియలేదు. చెక్క మీద నెత్తురు చూసింది నేను.

హిందూపురం డాక్టరు ఓపికగానే చెప్పాడు. దెబ్బ తగలగానే రక్తంలోని తెల్లకణాలు పరుగెత్తుకొచ్చి క్రిములతో పోరాడతాయట, ఆ ఎరుపూ వేడీ వాటి పనేనట. తర్వాత అవి తగ్గిపోయి, చెత్త ఎత్తిపోసి కొత్త కండ కట్టించే కణాలు పనికి దిగాలట. అక్క కాల్లో మొదటివి పోరాటం ఆపవు, కట్టేవాటికి వంతు రాదు. అవ్వ చెప్పిన లోపలి పని సగంలోనే నిలిచిపోయింది. రేపు వేలు తీసేస్తారు. అంతటితో ఆగుతుందని ఆయన మాట ఇవ్వలేదు. నేనేం చేయగలను? కట్టు మార్చగలను, అంతే.

గుట్ట మీద సీతాఫలాలు ఇప్పటికీ కాస్తున్నాయి. అవ్వ లేదు, ఆ పందేలు లేవు. ఇందాక దూది తీస్తూ, "నొస్తాండాదా అక్కా?" అని అడిగాను.

"ఏం నొయ్యడంలేదు మే, ఏడవొద్దు," అని నన్నే ఓదార్చింది. ఆ మాటకే నాకు ఏడుపు ఆగలేదు.