పంటిదాకా వచ్చి ఆగిన దారం

కత్తెర కనిపెట్టినవాడు మా అమ్మమ్మ ముందుపన్ను చూసే కనిపెట్టి ఉంటాడు. మిషన్ మీద ఏ కుట్టు ముగిసినా ఆవిడ దారాన్ని పంటికిచ్చి, తల ఓ పక్కకు విదిలించి పుటుక్కున తెంపేది. ఆ పన్ను పుచ్చి, తీసేయాల్సి వచ్చిన రోజే పళ్ల డాక్టరమ్మ దవడలో స్క్రూ బిగించి, పైన తాత్కాలికంగా ఓ పన్ను తొడిగింది. "స్క్రూ చుట్టూ ఎముక పెరిగి పట్టుకోవాలి. అందాకా దీంతో ఏదీ కొరకొద్దు మామ్మగారూ" అంది. అమ్మమ్మ బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి, చొక్కాకు గుండీ కుట్టి, అలవాటుగా దారం కొరికింది. అలా కొరికీ కొరికీ చివరికి స్క్రూ ఊడి చేతికొచ్చింది.

రెండోసారి డాక్టరమ్మ తొందరపడలేదు. గుంట ఎముకతో పూడేదాకా ఆగి, ఎముక బాగా పట్టుకునేలా గరుకుగా ఉన్న స్క్రూ వేసి, పైన పన్నేమీ పెట్టకుండా చిగురు మూసి కుట్టేసింది. "ఇదీ కదిలితే మరొకటి వెయ్యడానికి ఎముక మిగలదు" అని బెదిరించింది కూడా. నెలల తర్వాత, ఎముక గట్టిగా పట్టిందని నిన్ననే కొత్త పన్ను తొడిగింది. అయినా అమ్మమ్మ దారం పెదవులదాకా తెచ్చి, ఉలిక్కిపడి, మెడలో వేలాడే కత్తెర తడుముకుంటోంది.

"పట్టిందో లేదో ఓసారి కొరికి చూడొచ్చుగా అమ్మమ్మా?" అన్నాను.

"చూస్తాను. ముందు నీ వేలు ఇలా పెట్టు."