సాంభర్ ఉప్పు సరస్సులో రేవు లెక్క

"నాన్నా, పిట్టల్ని లెక్కెట్టడానికి ఒక మనిషి తక్కువ పడ్డాడు, వొస్తావా?" అని మా అమ్మాయి పైడి ఫోన్ చేసినప్పుడు ఎక్కడికని కూడా నేను అడగలేదు. లెక్కపెట్టే మనిషి కావాలంటే నన్ను కాక ఇంకెవర్ని పిలుస్తారు? ముప్పై ఒక్క ఏళ్ళు కలకత్తా రేవులో టాలీ క్లర్కుగా చేశాను. క్రేను కొక్కేనికి వేలాడే బస్తాల కట్టని మేం స్లింగు అంటాం. స్లింగుకి పది బస్తాలు, స్లింగుకో గీత. నాలుగు గీతలు నిలువు, అయిదోది అడ్డం. నా కాగితంలో ఒక్కనాడూ తేడా రాలేదు. ఈ మాట వాట్‌గంజ్‌లో మా వీధిలో వినని వాళ్ళు లేరు. వినలేక కొందరు దారి మార్చుకుని వెళ్తున్నారని మా ఆవిడ అంటుంది.

కంటెయినర్లు వచ్చాక బస్తాల లెక్కతో పనిలేకుండా పోయింది. రిటైరయ్యాక లెక్కపెట్టడానికి నాకు మిగిలినవి మా ఆవిడ వేసే మందుబిళ్ళలే. పైడి మాత్రం మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. లోతులేని ఉప్పు సరస్సుల మీద, అక్కడికి వచ్చే పిట్టల మీద పరిశోధన చేస్తోంది. రెండేళ్ళుగా చలికాలమంతా రాజస్థాన్‌లో సాంభర్ సరస్సు దగ్గరే ఉంటోంది.

"పిట్టల కోసం అంత దూరం ఎల్తావేటి? మన డాబా మీద కాకులు లేవా?" అంది మా ఆవిడ. అంటూనే పులిహోర కట్టింది, ఉన్ని టోపీ సంచిలో పెట్టింది.

జనవరిలో ఒక గురువారం పొద్దున్న తొమ్మిదింటికి బస్సెక్కి హౌరా చేరాను. సీనియర్ సిటిజన్‌నని కింది బెర్తు దొరికింది. ఎదురు బెర్తులో బడాబజార్‌లో బట్టల కొట్టున్న మార్వాడీ పెద్దమనిషి కూర్చున్నాడు. నా ప్రయాణం సంగతి విని, "ఉప్పు చూడ్డానికి అంత దూరమా? కిరాణా కొట్టుకెళ్తే ప్యాకెట్టు చూపిస్తారుగా" అని నవ్వాడు. నా పులిహోర తిన్నాక సరస్సు మీద గౌరవం కాస్త పెరిగింది. బిహార్‌లో మట్టికప్పుల్లో టీ తాగాం. తెల్లారి చూస్తే కిటికీ అవతల ఆవ చేలు, వాటి మీద పొగమంచు. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి ఫూలేరా జంక్షన్‌లో దిగి, చిన్న రైలు పట్టుకుని అయిదున్నరకల్లా సాంభర్ చేరాను. స్టేషన్‌కి పైడి వచ్చింది. ఎండకి నల్లబడింది, పెదాలు పగిలిపోయాయి. కానీ నడకలో మా అమ్మ దర్పం కనిపించింది. ధర్మశాలలో గది నాలుగు వందలు, బకెట్టు వేడినీళ్ళకి ఇరవై. వెళ్ళేవాళ్ళు దుప్పటి తీసుకెళ్ళడం మంచిది. అక్కడిచ్చేది పేరుకి మాత్రమే దుప్పటి.

శనివారం పొద్దున్న ఆరున్నరకి భఁవర్‌లాల్ జీపు వచ్చింది. ఆయన ఉప్పు మడుల్లో పనిచేసే మనిషి, చలికాలంలో పైడి వాళ్ళకి బండి నడుపుతాడు. ఊరు దాటగానే నేల తెల్లబడింది. కనుచూపు మేర ఉప్పు, దాని అవతల పలచటి నీళ్ళు, ఆ చివర ఆరావళి కొండలు. సరస్సుకి అడ్డంగా పాత రాతి కట్ట ఉంది. దానికి ఒకవైపు ఉప్పు మడులు గులాబీ రంగులో, ఇటుక రంగులో కనిపిస్తాయి. రెండోవైపు సరస్సు పరుచుకుని ఉంటుంది. మైళ్ళకొద్దీ పరుచుకున్నా, చాలాచోట్ల మోకాలి లోతుకి మించదట.

"ఇక్కడికి నీళ్ళు వొస్తాయి గానీ పోవు నాన్నా. పోడానికి దారి లేదు, ఎండకి ఆవిరైపోడమే. నీళ్ళు మోసుకొచ్చిన ఉప్పూ సోడా ఇక్కడే ఉండిపోతాయి" అంది పైడి. నీళ్ళలో వేళ్ళు ముంచి రుద్దుకోమంది. సబ్బు రాసుకున్నట్టు జారాయి. కట్ట పక్కన తెల్ల పెచ్చు మీద కాలు పెట్టబోతే భఁవర్‌లాల్ చెయ్యి పట్టి ఆపాడు. పైన పలచటి పెచ్చేగానీ కింద నల్లటి బురద, కుళ్ళిన గుడ్ల వాసన. "ఆ బురదే వీటికి అన్నం" అంది పైడి. ఇలాంటి సరస్సులు మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో బోలెడు ఉన్నాయట. కజకిస్తాన్‌లో అవి చలికి గడ్డకట్టినప్పుడు అక్కడి బాతులు కొండలు దాటి ఇటు వస్తాయట. చెంచా ముక్కు బాతుల్నీ ఇటుక రంగు బాతుల్నీ చూపించింది. తొమ్మిదో క్లాసులో భూగోళం తప్పిన పిల్ల ఇలా చెబుతుంటే నాకు ఛాతీ ఉబ్బింది. దాచుకోను, బాగా ఉబ్బింది.

ఇక ఫ్లెమింగోలు. మనం రాజహంసలంటాం. వాటిలో రెండు రకాలు. పొడుగువి తెలుపు, రొయ్యల్లాంటి చిన్న పురుగుల్ని తింటాయి. పొట్టివి ముదురు గులాబీ, నీళ్ళలో పెరిగే పాచిని వడకట్టుకుంటాయి. రెండూ తల తలకిందులు చేసి, ముక్కు నీళ్ళలో ముంచి, బురద తొక్కుకుంటూ నడుస్తాయి. అన్నీ ఒకేసారి మెడలెత్తితే, లెక్కపెట్టడం మర్చిపోయి చూశాను.

నాకిచ్చిన పని కట్ట మధ్య భాగం, రెండు వైపుల నీళ్ళలో ఉన్న రాజహంసలు. మిగతావాళ్ళు కంటితో ఒక గుంపుని అంచనా కట్టి, అలాంటివి ఎన్ని గుంపులో చూసి హెచ్చవేస్తారు. నాకది నచ్చలేదు. దుర్భిణీలోంచి పది పిట్టలకో స్లింగు చొప్పున గీతలు గీస్తూ పోయాను. ఏడున్నర నుంచి పావు తక్కువ తొమ్మిది దాకా ఎడమవైపు రెండు వందల పన్నెండు స్లింగులు. భఁవర్‌లాల్ తెచ్చిన టీ తాగి, కాగితం మార్చి, తొమ్మిదింటి నుంచి కుడివైపు. అక్కడ నూట ఆరు. వెరసి మూడు వేల నూట ఎనభై.

మధ్యాహ్నం పన్నెండున్నరకి గుడారంలో సజ్జ రొట్టెలు, వెల్లుల్లి పచ్చడి. పైడి గురువుగారు బెంగాలీ పెద్దాయన, అందరూ మాస్టర్‌మశాయ్ అంటారు. నా అంకె చూసి లేచి నిలబడ్డాడు. "దాదా, కట్ట దగ్గర ఇన్ని పిట్టల్ని మేం ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. "మా నాన్న. లెక్కలో ఒక్కసారి కూడా తప్పలేదు" అంది పైడి, హిందీలో, అందరికీ వినపడేలా. దాని మొహం వెలిగిపోతోంది. ఆ పూట రొట్టె ఒకటి ఎక్కువే తిన్నాను.

తిన్నాక కాగితాలు సర్దుకుంటూ రిమార్కుల గడి చదివాను. రేవులో చిరిగిన బస్తా కనిపిస్తే ఆ గడిలో రాసి తీరాలి. అదే అలవాటున ఎడమవైపు కాగితంలో రాసుకున్నాను: "ఒక పిట్ట, ఎడమకాలికి నీలం గాలిపటం దారం." కుడివైపు కాగితం చూశాను. అక్కడా నా రాతే: "ఒక పిట్ట, ఎడమకాలికి నీలం దారం."

రెండు కాగితాలూ పట్టుకుని లేచాను. "టీ తెచ్చినప్పుడు పిట్టలేమైనా లేచాయా?" అని భఁవర్‌లాల్‌ని అడిగాను. "గద్ద వచ్చింది కదా సాబ్, సగం లేచి అటు దిగాయి" అన్నాడు. నేనప్పుడు కాగితం మారుస్తున్నాను. ఓడ కడుపులోకి దిగిన బస్తా మళ్ళీ పైకొచ్చి ఒడ్డున కూర్చోదు. పిట్టకి అలాంటి నియమమేం లేదు. లెక్కపెట్టినవాటినే మళ్ళీ లెక్కపెట్టాను.

నా రిమార్కులు తెలుగులో ఉన్నాయి. మాస్టర్‌మశాయ్‌కి తెలుగు రాదు. పైడి ఇంట్లో మాట్లాడుతుందే గానీ, చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. నా గొలుసుకట్టు రాత దానికి అసలే అందదు. అంటే ఈ సంగతి లోకంలో నాకొక్కడికే తెలుసు. అంకె ఎక్కువుంటే అందరికీ సంతోషమే, పైడికి మరీను. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటే అయిపోయేది. పెట్టుకున్నాను కూడా.

మూడింటిదాకా కట్ట మీద ఒక్కణ్ణే తిరిగాను. నన్ను చూసి పైడి అంత గర్వంగా చెప్పిందే, ఆ మొహం చిన్నబోతే ఎలా చూడను? భయం వేసింది. రేవులో ఓడ కెప్టెన్లతో తగువుపడ్డప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. కానీ ఆ అంకె కింద రేపు దాని సంతకం పడుతుంది. నా తప్పు మీద నా కూతురు సంతకం పెట్టడం నావల్ల కాదనిపించింది. పైడి దగ్గరికెళ్ళి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివి వినిపించాను.

అది రెండు రిమార్కుల గడుల మీదా వేలు పెట్టింది. "గద్దొచ్చినప్పుడు సూడలేదా నాన్నా?"

"సూడలేదమ్మా. తప్పు నాదే."

"మరి ఏటి సేద్దాం?" అంది. చిన్నబుచ్చుకోలేదు. పని అడిగింది.

అప్పుడు చెప్పాను. రేవులో ఒకే బస్తాకి ఇద్దరు టాలీలు ఉంటారు, ఓడ తరఫున ఒకడు, ఒడ్డు తరఫున ఒకడు. ఒకరితో ఒకరు మాట్లాడరు. పొద్దు చివర కాగితాలు కలిపి చూసి, ఇద్దరూ సంతకం పెడతారు. మర్నాడు ఆదివారం పొద్దున్న ఏడున్నరకి కట్ట ఆ చివర అది, ఈ చివర నేను నిలబడ్డాం. ఒక చూపు పిట్టల మీద, ఒక చూపు ఆకాశం మీద. తొమ్మిదింటికి కాగితాలు కలిపాం. నావి రెండు వందల తొమ్మిది స్లింగులు, దానివి రెండు వందల పన్నెండు. రేవులో అయితే ఆ మూడు స్లింగుల కోసం కొట్టుకునేవాళ్ళం. "పిట్టలు నాన్నా, బస్తాలు కావు. రెండంకెలూ రాద్దాం" అంది పైడి.

కొత్త లెక్క చూసి మాస్టర్‌మశాయ్ మొహం ఒక్క క్షణం వాడింది. వెయ్యికి పైగా పిట్టలు పోతే ఎవరికి బాధ ఉండదు? పైడి మాత్రం నిన్నటి గొంతుతోనే, అందరికీ వినపడేలా అంది: "తప్పు ఎవరూ పట్టుకోలేదు. మా నాన్నే పట్టుకుని, తనే వచ్చి చెప్పాడు." ఈసారి చప్పట్లు లేవు. మాస్టర్‌మశాయ్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తర్వాత పైడి కాగితం తెచ్చి, ఒడ్డు తరఫు గడిలో నన్ను సంతకం పెట్టమంది. ఓడ తరఫున అది పెట్టింది. రేవులో నాకు ఎదురు సంతకం పెట్టినవాళ్ళందరూ పరాయివాళ్ళే, సగంమంది నన్ను తిట్టుకుంటూ పెట్టినవాళ్ళు. నా కూతురి పేరు పక్కన నా పేరు, గొలుసుకట్టు మాని, దానికి అందేలా విడివిడిగా రాశాను.

ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం. వెళ్ళాలనుకునేవాళ్ళకి నా మాట ఇది: డిసెంబర్, జనవరి మంచి కాలం. తెల్లారకముందే లేవండి, పెచ్చు మీద కాలు పెట్టకండి, పిట్టల్ని దూరం నుంచే చూడండి. చూస్తున్నప్పుడు మధ్యమధ్యలో ఆకాశం వంక కూడా చూడండి.

రైల్లో ఎదుటి సీటులో ఆసన్‌సోల్ వెళ్ళే స్కూలు టీచరమ్మ కూర్చుంది. టీ తాగుతూ మాటల్లో నా పని విని, "ఎన్ని పిట్టలున్నాయి దాదా?" అని అడిగింది.

"నా లెక్కకి రెండు వేల తొంభై, మా అమ్మాయి లెక్కకి రెండు వేల నూట ఇరవై" అన్నాను. ఆవిడ తల ఊపి కిటికీ వైపు తిరిగింది. నేను ఊరుకోలేదు. "ముందురోజు నేను తప్పు లెక్కపెట్టానండీ, వెయ్యికి పైగా ఎక్కువ" అని, ఆవిడ అడక్కుండానే, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.